నేను తీసేయించిన పదేళ్లు

ముప్పై ఏళ్లు నియామకాల పనిలో ఉన్నాను. మొదట అమీర్‌పేటలో ఒక చిన్న కన్సల్టెన్సీ, ఆ తర్వాత మాదాపూర్‌లో రెండు పెద్ద కంపెనీల హెచ్ఆర్ విభాగాలు, చివరి ఎనిమిదేళ్లు మళ్లీ కొండాపూర్‌లో ఒక కన్సల్టెన్సీ. "ఎంతమందికి దారి చూపించావో, ఆ పుణ్యం ఊరికే పోదు" అని మా నంద్యాల బంధువులు పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. మా పనిలో దారి చూపించడం కొంచెం, తలుపు వేసెయ్యడం చాలా. ఒక్క కుర్చీ కోసం ఎందరో వస్తారు, ఒక్కరిని కూర్చోబెట్టి మిగతా అందరినీ వెనక్కి పంపాలి. ఆ వెనక్కి పంపడమే నా ఉద్యోగం అంటే ఎవరూ నమ్మరు.

ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మొన్న కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చి "మేడం, మీ అనుభవంతో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. టార్గెట్లు ఎలా అందుకోవాలో వాళ్ల టీమ్ లీడర్లు చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది, కానీ అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తప్పు బయటపెట్టాలి. బిస్కెట్లు తింటూ చెప్పే విషయం కాదది. వాళ్లు వెళ్లిపోయాక కాగితం తీసుకున్నాను.

వయసు అని ఎక్కడా రాయం

నా ముప్పై ఏళ్లలో ఫలానా మనిషిని వయసు ఎక్కువని వద్దన్నట్టు ఒక్క కాగితం కూడా దొరకదు. అంత తెలివితక్కువ వాళ్లం కాదు మేం. దానికి వేరే మాటలు పెట్టుకున్నాం. 'ఈ పనికి మీ అనుభవం ఎక్కువ' అంటాం. 'మా వాతావరణంలో ఇమడకపోవచ్చు' అంటాం. 'ఇంకాస్త ఎనర్జీ ఉన్నవాళ్లు కావాలి' అంటాం. నలభై అయిదు దాటిన మనిషి, అందులోనూ ఒకే కంపెనీలో పదిహేను, ఇరవై ఏళ్లు ఉండిపోయిన మనిషి రెజ్యూమె వస్తే ఈ మూడింట్లో ఏదో ఒకటి తగిలించేస్తాం. చదవడం కూడా అక్కర్లేదు, చెయ్యి అలవాటుగా వెళ్లిపోతుంది.

ఎందుకు వద్దంటున్నారని మేనేజర్లను అడిగితే చాలామంది మాట దాటవేస్తారు. ఒక్క భీమవరం అబ్బాయి మాత్రం నిజం చెప్పాడు. ముప్పై మూడేళ్లవాడు, పన్నెండు మంది టీమ్. యాభై రెండేళ్ల నెట్‌వర్క్ ఇంజనీరు ఒకాయన ఇంటర్వ్యూలో బ్రహ్మాండంగా చెప్పి వెళ్లాక గది తలుపు వేసి నా దగ్గరికి వచ్చాడు.

"మీ దగ్గర దాచడమెందుకు మేడం. ఆయన మా నాన్నగారికంటే రెండేళ్లే చిన్నండి. కంపెనీ ఏమో పేరు పెట్టి పిలవమంటుంది. నాకు నోరు రాదండి. పోనీ సార్ అని పిలిస్తే ఇంక పనేం చెబుతానండి? పొరపాటు చేస్తే ఎలా మందలిస్తానండి?"

నాకు నవ్వూ వచ్చింది, ఆ పిల్లాడి మీద జాలీ వేసింది. పెద్దవాళ్లు కొత్తవి నేర్చుకోలేరని, జబ్బులు పడతారని బయటికి ఎన్ని కారణాలు చెప్పుకున్నా, మన ఆఫీసుల్లో సగం సార్లు అసలు ఇబ్బంది ఇదే. ఎదుటి మనిషిని ఏమని పిలవాలో తెలియకపోవడం. ఆ ఇంజనీరుగారికి 'మా వాతావరణంలో ఇమడకపోవచ్చు' అని మెయిల్ వెళ్లింది. రాసి పంపింది నేనే.

మొదటి బాస్, చివరి బాస్

అమీర్‌పేటలో నా మొదటి బాస్ జనార్దన్ గారు సాయంత్రం అయిదు కొట్టగానే కొత్త పని ఆపించేసేవారు. ఆ గంటలో మేం చెయ్యాల్సింది ఒకటే. ఆ రోజు ఎవరెవరిని ఇంటర్వ్యూకు పంపామో వాళ్లందరికీ ఫోన్ చేసి, ఉద్యోగం వచ్చిందో రాలేదో చెప్పాలి. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. రాలేదని చెప్పలేక నీళ్లు నమిలేదాన్ని. "వద్దన్నారని చెప్పే ధైర్యం లేకపోతే ఈ పని మనకెందుకు తల్లీ? ఆ మనిషి రేపు పొద్దున ఎక్కడికి పోవాలో తేల్చుకోవద్దూ?" అనేవారు. కోపిష్టి, చండశాసనుడు. అయినా నాకు ఈ పని నేర్పింది ఆయనే.

చివరి బాస్ వంశీ నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. చెడ్డవాడేమీ కాదు, నాకు మోకాళ్ల నొప్పులని తన కారులో దింపిన రోజులున్నాయి. కానీ "రానివాళ్లకు ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే వచ్చేవాళ్లను ఎవరు వెతుకుతారండి?" అనేవాడు. మొదట్లో వాదించాను. తర్వాత మానేశాను. తర్వాత నాకూ అదే బాగున్నట్టు అనిపించింది. అలవాటు పడటానికి పెద్దగా రోజులు పట్టలేదని ఒప్పుకోవాలి.

తోడుగా వచ్చినవాళ్ల కుర్చీలు

ఒక విదేశీ బీమా సంస్థకు రాయదుర్గంలో ఆఫీసుంది. వాళ్ల కోసం ఒక శనివారం వాకిన్ ఇంటర్వ్యూలు పెట్టాం. వైద్య బీమా క్లెయిముల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసినవాళ్లు కావాలి. తొమ్మిదింటికే లాబీ నిండిపోయి, లైను మెట్ల మీదికి వెళ్లింది. పదకొండున్నరకు మంచినీళ్ల కోసం బయటికి వచ్చాను. పిల్లలకు తోడుగా వచ్చే తల్లిదండ్రుల కోసం గోడవారన నాలుగైదు కుర్చీలు వేయిస్తాం. వాటిలో ఒకాయన ఒళ్లో ఫైలు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నారు.

"ఎవరితో వచ్చారండీ, అబ్బాయా అమ్మాయా?" అని పలకరించాను.

"నేనే వచ్చిన మేడం, ఇంటర్వ్యూకు."

"మరి ఇక్కడ కూర్చున్నారేంటి?"

"సెక్యూరిటీ ఆయన గీడ కూసోమన్నడు. ఇగ ఆయన్ని ఏమంటం. ఎట్లైనా పిలుస్తరు గదా అని చూస్తున్న."

తొమ్మిదిన్నర నుంచీ అక్కడే ఉన్నారట. నాకు ఒళ్లు మండి సెక్యూరిటీ అతన్ని పిలిచి అడిగాను. మహబూబ్‌నగర్ వైపు మనిషి, గాభరా పడ్డాడు. "తప్పైంది మేడం. మా పెద్దనాయిన లెక్క కనవడ్డడు. గంత పెద్దమనిషిని లైన్ల ఎట్ల నిలవెడ్తమని కుర్సీ ఇచ్చిన." మర్యాద చేద్దామనే కూర్చోబెట్టాడు పాపం. లైనులో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే లోపలికి వెళ్లిపోయారు, కుర్చీలో ఉన్న ఈయన మిగిలిపోయారు.

ఆయన పేరు యాదగిరి. జనగామ దగ్గరి ఊరు, ఉండేది బోరబండలో. నలభై తొమ్మిదేళ్లు. మాదాపూర్‌లో ఒకే కంపెనీలో ఇరవై రెండేళ్లుగా పని. ఇన్నేళ్లూ క్లెయిముల సాఫ్ట్‌వేరే. ఆ ప్రాజెక్టు వేరే దేశానికి తరలిపోతోంది, లోపల ఇంకేదైనా దొరికితే చూసుకోండి, బయట కూడా చూసుకుంటే మంచిదని కంపెనీ చెప్పేసింది. అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. భార్య సునంద గారు ఇంటి దగ్గర పిల్లలకు ట్యూషన్లు చెబుతారు. ఎనిమిది నెలలుగా దరఖాస్తులు పెడుతుంటే ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చెయ్యలేదట.

ఎందుకు చెయ్యలేదో రెజ్యూమె చూస్తే తెలిసిపోయింది. ఆరు పేజీలు. మొదట తండ్రి పేరు, పుట్టిన తేదీ. చివర్లో 'పైన తెలిపినవన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను' అని స్థలం, తేదీ, సంతకం. మధ్యలో ఎక్కడా తనేం చేశారో లేదు. అన్నీ 'మా బృందం' చేసింది. ఒకే చోట ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో ఇది నేను తరచూ చూశాను. అందరితో కలిసి చేసిన పనిలో తన వంతు విడదీసి చెప్పుకోవడం వాళ్లకు తప్పుగా తోస్తుంది.

సానుభూతి వేరు, నిజం వేరు కాబట్టి ఇదీ చెప్పాలి. ఆయన తప్పు కూడా కొంత ఉంది. కొత్త టూల్స్ నేర్పిస్తామని కంపెనీ రెండుసార్లు పిలిస్తే "చేతిల పనున్నది" అని వెళ్లలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా బయటి మార్కెట్‌లో తన పనికి గిరాకీ ఎలా ఉందో కనుక్కోలేదు. ఉద్యోగం మారకపోయినా ఏడాదికోసారి రెజ్యూమె రాసుకోండని నేను అందరికీ చెప్పేది అందుకే. కానీ ఆ తప్పుకు పడాల్సిన శిక్ష మాత్రం అంత కాదు.

కత్తెర

ఆ బీమా సంస్థ అడిగింది ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల అనుభవం. ఇరవై రెండు అని కనిపిస్తే రెజ్యూమె ఎవరూ తెరవరు. అందుకే ఆ శనివారం ఆయన్ని లోపలికి పంపకుండా, సోమవారం కొండాపూర్ ఆఫీసుకు పిలిపించాను.

"మొదటి పదేళ్లు తీసేద్దామండీ" అన్నాను.

"తీసేస్తే అబద్ధం గాదా మేడం?"

"అబద్ధం ఎందుకవుతుంది? అడగనిది చెప్పకపోవడం, అంతే. అందరూ చేసేదే."

"గా పదేండ్లల్నే నేను పని నేర్సుకున్న మేడం. గది తీసేస్తే ఇగ నేనేం మిగుల్త?"

"ఉద్యోగం మిగులుతుందండీ" అన్నాను. చాలా తెలివైన జవాబు చెప్పాననుకుని మురిసిపోయాను కూడా.

ఆరు పేజీలు రెండయ్యాయి, ఇరవై రెండేళ్లు పన్నెండయ్యాయి. కంపెనీలో చేరిన తేదీ వదిలేసి, గత పన్నెండేళ్ల పనే ఉంచాం. వారంలో పిలుపొచ్చింది. మూడు రౌండ్లు. చివరిది ప్రియాంక చేసింది. అనంతపురం అమ్మాయి, ముప్పై ఆరేళ్లకే అక్కడ పెద్ద మేనేజర్. సాయంత్రం నాకు ఫోన్ చేసి "మేడం, ఎక్కడ దాచిపెట్టినారు ఈయన్ని ఇన్నాళ్లూ? మా వాళ్లు నెల రోజులుగా తల బద్దలు కొట్టుకుంటుండే సమస్యను బోర్డు మీద పది నిమిషాల్లో విప్పేసినాడు" అంది. పన్నెండేళ్లకు ఇంత పని ఎలా తెలుసో ఆ అమ్మాయి అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆఫర్ ముందు నింపే దరఖాస్తు ఫారం ఒకటి ఉంటుంది. దాని గురించి ఆయన ఫోన్ చేసినప్పుడు నేను వేరే ఆఫీసు లిఫ్టు దగ్గర ఉన్నాను. "మేడం, గీడ 'మొత్తం అనుభవం' అని అడిగిన్రు. ఏం రాయమంటరు?"

"రెజ్యూమెలో ఎంతుందో అంతే రాయండి. పన్నెండు" అని లిఫ్టు ఎక్కేశాను.

అర నిమిషం కూడా పట్టలేదు ఆ మాటకు. రెజ్యూమెలో చెప్పకపోవడం ఒక ఎత్తు. అడిగినచోట తప్పు రాసి కింద సంతకం పెట్టడం ఇంకో ఎత్తు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న నాకు ఆ తేడా తట్టలేదంటే నేనే నమ్మను. తట్టింది, కానీ లిఫ్టు వచ్చింది.

ఆఫర్ వచ్చింది. ఆయన రాజీనామా ఇచ్చారు. మా ఆఫీసులో అందరికీ పాలకోవా పంచి వెళ్లారు.

ఎత్తని ఫోన్

చేరబోయేవాళ్లు చెప్పినవన్నీ నిజమో కాదో చూడటానికి కంపెనీలు బయటి ఏజెన్సీలను పెట్టుకుంటాయి. వాళ్లు పీఎఫ్ వివరాలు చూశారు. కంపెనీ అదే, చేరిన తేదీ మాత్రం ఫారంలోని లెక్కకంటే పదేళ్లు వెనక ఉంది. 'వివరాలు సరిపోలడం లేదు, ఆఫర్ నిలిపివేయడమైనది' అని నాకూ వంశీకీ మెయిల్ వచ్చింది. అప్పటికి పాత కంపెనీలో యాదగిరి గారి ఆఖరి రోజు రెండు వారాల్లోకి వచ్చేసింది.

వంశీ నా టేబుల్ దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "మనకు తెలియదనే చెబుదామండి. రెజ్యూమె ఆయనదే, సంతకం ఆయనదే. ఈ క్లయింట్ పోతే ఆఫీసులో నలుగురిని పంపించెయ్యాలి, మీకు తెలుసు కదండి."

నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. మధ్యాహ్నం యాదగిరి గారు ఫోన్ చేశారు. ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేశారు. మర్నాడు నాలుగుసార్లు చేశారు. ఏం చెప్పాలో ఆలోచించుకుని చేద్దాంలే అని నాకు నేను చెప్పుకున్నాను గానీ నేను ఆలోచించింది ఏమీ లేదు. యాభై ఆరేళ్ల మనిషిని, ఫోన్ బోర్లా పెట్టి దాని వైపు చూడకుండా కూర్చున్నాను. సిగ్గుగానే ఉంది రాయడానికి.

మూడోరోజు పొద్దున కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తాను.

"మేడం, నేను యాదగిరి సార్ భార్యను, సునందను. ఆయన రెండు దినాల సంది మీకు ఫోన్ చేస్తున్నడు. అన్నం సుత సరిగ తింటలేడు. జర ఆయన ఫోన్ ఎత్తి మాట్లాడుండ్రి మేడం. నౌకరి వస్తది, రాదు, ఏదో ఒకటి చెప్పుండ్రి. మేం పరేషాన్ కాం. మీరు ఏం చెప్పకుంటెనే పరేషాన్ అయితున్నది."

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

చేస్తానమ్మా అని పెట్టేసి మెయిల్ తెరిచాను. బీమా సంస్థ హెచ్ఆర్ నుంచి ఇంకో ఉత్తరం వచ్చి ఉంది. అనుభవం ఎందుకు తగ్గించి రాశారని వాళ్లు యాదగిరి గారిని నేరుగా అడిగారట. 'నా అంతట నేనే రాశాను, ఎవరూ చెప్పలేదు' అని ఆయన రాసిచ్చారు.

"అమ్మయ్య, మన మీదికి రాలేదండి" అన్నాడు వంశీ.

నేను ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను. ఫోన్ కూడా ఎత్తని మనిషిని కాపాడటానికి ఆయన అలా రాశారు. తన ఉద్యోగం గాల్లో ఉండగా నా ఉద్యోగం గురించి ఆలోచించారు. బ్యాగు తీసుకుని రాయదుర్గం బయల్దేరాను. దారిలోనే ఆయనకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఎర్రబడిన గడి

ప్రియాంక ముందు పాత ఆరు పేజీల రెజ్యూమె పెట్టి, పదేళ్లు తీసేయించింది నేనేనని, ఫారంలో పన్నెండు రాయమన్నది కూడా నేనేనని చెప్పాను. ఆ అమ్మాయి కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది. తర్వాత కోప్పడింది.

"ఎందుకు మేడం ఇట్ల చేసినారు? ఇరవై రెండేళ్లు అని తెలిస్తే నేను వద్దంటానా?" అని, తనే మళ్లీ అంది. "వద్దనను. కానీ పిలిచేదాన్ని కాదేమో."

ఆ నిజాయితీకి నాకు ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది. సంజాయిషీ రాసివ్వమంది, రాసిచ్చాను. వాళ్ల హెచ్ఆర్‌తో మాట్లాడి ఒప్పించింది. ఫారంలో తప్పు సరిదిద్దితే చాలన్నారు, మా కన్సల్టెన్సీతో పని ఆపేది లేదన్నారు. నా ఎదుటే కంప్యూటర్‌లో ఆయన ఫారం తెరిచి, పన్నెండు చెరిపి ఇరవై రెండు కొట్టింది. గడి ఎర్రబడింది. ఈ గ్రేడుకు ఎనిమిది నుంచి పద్నాలుగు వరకే అని కింద అక్షరాలు వచ్చాయి.

ప్రియాంక ఇరవై కొట్టింది. ఎరుపే. పదిహేను కొట్టింది. ఎరుపే. పద్నాలుగు కొడితే ఎరుపు పోయింది. మనిషి అదే, పని అదే, మూడు రౌండ్లలో చెప్పిన జవాబులూ అవే. ఎనిమిదేళ్లు ఎక్కువ పని తెలిసినందుకు లోపలికి రానివ్వడం లేదు. పై గ్రేడులో ఖాళీ లేదు.

ప్రత్యేక అనుమతి కోసం ఆ అమ్మాయి వాళ్ల పై ఆఫీసుకు రాసింది, రెండుసార్లు గుర్తు చేసింది. మూడు వారాలు గడిచాయి. ఈలోపు యాదగిరి గారి ఆఖరి రోజు వచ్చి వెళ్లిపోయింది. రాజీనామా వెనక్కి తీసుకుంటానని ఆయన అడిగితే, ప్రాజెక్టే లేదు కదా అన్నారట పాత కంపెనీవాళ్లు. చివరికి పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కుదరదన్నారు.

బోరబండ

ఇలాంటి వార్త చెప్పడానికి మా దగ్గర తయారుగా రాసిపెట్టిన మెయిల్ ఉంటుంది. పేరు మారిస్తే చాలు. అది పంపబుద్ధి కాలేదు. హైటెక్ సిటీలో రైలెక్కితే తర్వాతి స్టేషనే బోరబండ. ఇన్నేళ్లలో ఒక అభ్యర్థి ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి.

తలుపు తీసింది సునంద గారు. నేను కూర్చోకుండానే విషయం చెప్పేశాను. యాదగిరి గారు విని అడిగిన మొదటి మాట ఇది.

"మీ నౌకరికి ఏం కాలె గదా మేడం?"

నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆయన అడగని మాట సునంద గారు అడిగారు. "ఆయన అట్లనే ఉంటడు మేడం, ఎవల్నీ ఏం అనడు. నేను అడుగుత. గా పదేండ్లు ఎందుకు తీసెయ్యమన్నరు? ఆయన ఏమన్న దొంగతనం చేసిండా గా పదేండ్లు?"

"లేదమ్మా. నాకు తెలిసిన దారి అదొక్కటే. ఇంకో దారి వెతకలేదు. తప్పు నాదే" అన్నాను.

"తప్పని చెప్పనీకె ఇంటిదాంక వచ్చిన్రు. కూసోండ్రి, చాయ్ పెడ్త" అని ఆమె లోపలికి వెళ్లారు.

ఆ రోజు సాయంత్రం దాకా ఆ ఇంట్లో కూర్చుని రెజ్యూమె మళ్లీ రాశాం. ఇరవై రెండేళ్లూ పెట్టాం. మొదటి పదేళ్లలో ఏం చేశారో చెప్పమంటే మొదట తడబడి, తర్వాత ఆగకుండా చెప్పుకుపోయారు. కాగితాల మీద వచ్చే క్లెయిములను కంప్యూటర్‌కు ఎక్కించిన తొలి బృందంలో ఈయన ఉన్నారు. "దవాఖాన బిల్లు ఏడికొచ్చి ఆగుతదో నాకు కండ్లు మూసుకున్నా ఎర్కే మేడం. ఎన్ని బిల్లులు చేతితోని చూసిననో" అన్నారు. బోర్డు మీద పది నిమిషాల్లో ఆయన విప్పిన ముడికి మూలం ఆ పదేళ్లలోనే ఉంది. నేను కత్తిరించి పారేసింది దాన్నే.

ప్రతి వాక్యంలో 'నేను' అని రాయమంటే సిగ్గుపడ్డారు. "గిట్ల రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టు ఉండదా?" అన్నారు. "చెప్పుకోండి, ఎవరొద్దన్నరు" అన్నారు సునంద గారు లోపలి నుంచి. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించి ఉంటుందని నాకనిపించింది.

జీడిమెట్ల

ఆ కొత్త రెజ్యూమెతో నాలుగు నెలలు తిరిగాను. నాకు తెలిసిన ప్రతి మనిషికీ ఫోన్ చేశాను. వంశీ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎనర్జీ కావాలన్నవాళ్లున్నారు, ఇన్నేళ్లు ఒకేచోట ఎందుకున్నాడన్నవాళ్లున్నారు. ఒకప్పుడు నేను రాసిన మాటలే నాకు ఎదురొచ్చాయి. ప్రతిసారీ ఆ రోజే యాదగిరి గారికి ఫోన్ చేసి రాలేదని చెప్పాను. "సరే మేడం, ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆయనే నన్ను ఓదార్చేవారు. మూడో నెల దాటాక ఆ గొంతు సన్నబడింది. ఇక చాలు, ఊరికి పోయి ఏదైనా దుకాణం పెట్టుకుంటానని కూడా ఒకరోజు అన్నారు.

చివరికి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ నుంచి పిలుపొచ్చింది. వాళ్ల సరుకు రాకపోకలన్నీ పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, దాన్ని అర్థం చేసుకుని కొత్తదానిలోకి మార్చే మనిషి కావాలి. యజమానికి అరవై దాటాయి, గుంటూరు వైపు ఆయన. నన్ను కూడా రమ్మన్నారు. ముగ్గురం ఒక చిన్న గదిలో కూర్చున్నాం. రెజ్యూమె టేబుల్ మీద ఉంది గానీ ఆయన కళ్లజోడు తెచ్చుకోలేదు.

"నోటితో చెప్పండి, వింటాను. మొత్తం ఎన్నేళ్లండి మీ అనుభవం?" అన్నారు.

యాదగిరి గారు తల తిప్పి నా వైపు చూశారు. ఎంత చెప్పమంటారు అని అడుగుతున్నాయి ఆ కళ్లు. తలూపాను.

"ఇరవై రెండేండ్లు సార్" అన్నారు, మెల్లగా.

"ఒక్క చోటేనా? అయితే మా దగ్గర కూడా నిలబడతారు. సోమవారం నుంచి రండి."

జీతం తగ్గింది, ప్రయాణం పెరిగింది. అయినా ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నారు, సంతోషంగా ఉన్నారు, ఆ కొత్త సాఫ్ట్‌వేర్ నడుస్తున్నది ఆయన చేతి మీదే. ఈ కథ మంచిగానే ముగిసిందని నాతో చాలామంది అన్నారు. నేను ఒప్పుకోలేను. ఇరవై రెండేళ్లు కష్టపడి పనిచేసిన మనిషి, తన ఏళ్లు తను చెప్పుకోవడానికి నా అనుమతి కోసం చూశాడు. అలా చూడటం ఆయనకు నేర్పింది నేను.